శ్రీకాకుళం, విజయనగరాల నుంచి యాంబియంట్ పోస్ట్ రాక్ ద్వయంగా నిలదొక్కుకోవడం ఎలా

గాయకుడు లేని సంగీతం, పది నిమిషాలపాటు రెండు మూడు స్వరాల చుట్టూనే తిరిగే గిటార్, డ్రమ్స్ వస్తాయో రావో తెలియనంత నెమ్మదైన నడక. యాంబియంట్ పోస్ట్ రాక్ అని పిలిచే సంగీతం స్థూలంగా ఇలా ఉంటుంది. ఇందులో యాంబియంట్ అన్న పేరు 1978లో బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో విమానాశ్రయాల కోసమని రూపొందించిన ఆల్బమ్‌తో స్థిరపడింది. పోస్ట్ రాక్ అన్న పేరును 1994లో బ్రిటిష్ విమర్శకుడు సైమన్ రేనాల్డ్స్ ప్రచారంలోకి తెచ్చాడు. రాక్ వాయిద్యాలనే చేతబట్టి, రాక్ పాట కట్టుబాటును పక్కన పెట్టి, నాదపు రంగుకూ పొరలకూ ప్రాధాన్యమిచ్చే సంగీతమని ఆయన వివరణ.

ఇటువంటి సంగీతం చేసే ఇద్దరు మిత్రులు శ్రీకాకుళంలోనో, బొబ్బిలిలోనో, విజయనగరంలోనో ఉండి ఏళ్ల తరబడి కొనసాగగలరని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ సంగీతం చాలావరకు వేదిక మీద కాక గదిలో తయారవుతుంది. దాన్ని వినేవారు ఒక్క ఊళ్లో గుమిగూడి ఉండరు, దేశదేశాల్లో చెదిరి ఉంటారు, కనుక మహానగరంలో ఉన్నవారికి ఉండే అనుకూలత ఇక్కడ స్వల్పమే. అయితే ఆ కొనసాగింపు ముఖ్యంగా రెండింటి మీద ఆధారపడి ఉంటుంది: ఇద్దరి మధ్య పని పంపకం స్పష్టంగా ఉండడం, చేసిన సంగీతం మీద హక్కులు చేజారకుండా చూసుకోవడం.

ఎవరు ఏమి వాయించాలి

నలుగురున్న బృందంలో ఒకరి లోటును మరొకరు కప్పుతారు. ఇద్దరే ఉన్నచోట ఆ వీలు ఉండదు కాబట్టి, ఒక రచన మొదలుపెట్టే ముందే శ్రుతిని ఎవరు మోస్తారో, దాని మీద ఎవరు కదులుతారో తేల్చుకోవాలి. కచేరీలు వింటూ పెరిగిన విజయనగరం వారికి ఇది వేరుగా నేర్పవలసిన విషయం కాదు. తంబురా ఆగకుండా మోగుతూ ఉండగా, ఆలాపన తొందర లేకుండా ఒక్కొక్క స్వరం దగ్గర నిలుస్తూ సాగడం ఇక్కడి చెవులకు అలవాటే. ఆ అలవాటును గిటార్‌కూ కీబోర్డ్‌కూ తీసుకురావడమే మీ మొదటి సాధన. ఒకరు రెండు స్వరాలను, వాయించినదాన్ని పదే పదే మోగించే లూపర్ పెడల్‌లో పట్టి నిలబెడితే, మరొకరు కనీసం రెండు నిమిషాలు ఏమీ వాయించకుండా విని, ఆ తరువాతే ప్రవేశించాలి. మొదట్లో ఈ నిరీక్షణ చాలా కష్టంగా ఉంటుంది, కాని ఈ సంగీతంలో వాయించడం కంటే వాయించకుండా ఉండడం నేర్చుకోవడానికే ఎక్కువ కాలం పడుతుంది.

మంద్ర స్థాయిలో ఇద్దరూ ఒకేసారి ఉండకూడదన్నది రెండవ నియమం. సుమారు 200 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న నాదానికి పొడవైన రివర్బ్ (పెద్ద గదిలో మోగినట్టు నాదాన్ని సాగదీసే ఎఫెక్ట్) తోడైతే అంతా ముద్దగా మారిపోతుంది, ఆ పైన ఎంత మిక్సింగ్ చేసినా తేటపడదు. కనుక బేస్ భాగం ఎవరిదో నిర్ణయించి, రెండవవారి రివర్బ్‌లోంచి కింది నాదాలను ఫిల్టర్‌తో తీసివేయండి. రచన మారినప్పుడు ఈ పాత్రలను కూడా మార్చుకోండి, లేకపోతే శ్రుతి మోసేవాడు క్రమంగా తాను తోడువాయిద్యానికే పరిమితమయ్యానని బాధపడతాడు. ద్వయాలు విడిపోవడానికి డబ్బు ఎంత కారణమో ఇదీ అంతే కారణమని నా అభిప్రాయం.

వారంలో ఒక నిర్ణీత సమయం పెట్టుకుని, ఆ పూట వాయించినదంతా ఆపకుండా రికార్డు చేసి, ఫైలుకు తేదీ పేరుగా పెట్టండి. అదే రోజు వినకండి. మరునాడు ఇద్దరూ విడివిడిగా విని, బాగున్న చోట్ల నిమిషాలు రాసుకుని పోల్చుకుంటే, ఇద్దరూ గుర్తించిన చోటే సాధారణంగా తదుపరి రచనకు బీజం ఉంటుంది.

వాయిద్యాలు, గది, కరెంటు

ఒక ఎలక్ట్రిక్ గిటార్, ఒక కీబోర్డ్, డిలే (స్వరాన్ని కాస్త ఆలస్యంగా ప్రతిధ్వనిలా తిరిగి వినిపించేది), రివర్బ్, లూపర్, వాల్యూమ్ పెడళ్లు, రెండు ఇన్‌పుట్లున్న ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక ల్యాప్‌టాప్, మంచి హెడ్‌ఫోన్లు ఉంటే తొలి ఆల్బమ్‌కు చాలు. పెడళ్లను సెకండ్‌హ్యాండ్‌లో కొనడంలో తప్పేమీ లేదు. డిలే సమయాన్ని చెవితో మాత్రమే కాక లెక్కతో కూడా పెట్టడం అలవాటు చేసుకోండి. 60,000ను నిమిషానికి పడే దెబ్బల సంఖ్యతో భాగిస్తే ఒక దెబ్బకు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. నిమిషానికి 80 దెబ్బలైతే 750 మిల్లీసెకన్లు. ఇద్దరి డిలేలూ ఈ లెక్కకు కట్టుబడి ఉంటేనే ప్రతిధ్వనులు ఒకదానినొకటి తొక్కుకోకుండా అల్లుకుంటాయి.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చూసుకోవలసినది కరెంటు. గిటార్ పికప్‌లు మెయిన్స్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుంయ్‌మనే శబ్దాన్ని పట్టేస్తాయి. పది నిమిషాల ప్రశాంతమైన రచనలో ఆ శబ్దాన్ని దాచడానికి చోటు ఉండదు. ఆ శబ్దాన్ని చాలావరకు రద్దుచేసే హంబకర్ పికప్‌లున్న గిటార్ ఎంచుకోవడం, ఇంట్లో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోవడం, ఇన్వర్టర్ కొనేటప్పుడు స్క్వేర్ వేవ్ కాక సైన్ వేవ్ రకాన్నే తీసుకోవడం, ఈ మూడూ ఖరీదైన పెడల్ కంటే ముందు చేయవలసిన పనులు. ఫ్యాన్ ఆపి రికార్డు చేయక తప్పదు కాబట్టి తెల్లవారుజాము వేళనే ఎంచుకోండి. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి వంటి తీరగ్రామాలకు దగ్గరగా ఉండేవారు వాయించిన ప్రతిసారీ తీగలను పొడి గుడ్డతో తుడిచి, గిటార్‌ను సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో భద్రపరచాలి, లేకపోతే ఉప్పుగాలికి తీగలు త్వరగా తుప్పు పడతాయి.

ఇక్కడి వాయిద్యాల విషయానికి వస్తే, మన దగ్గర ఉన్నంత సంపద చాలా చోట్ల లేదు. 1919లో స్థాపితమైన విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ ఆచార్యులై, 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. వయొలిన్ నేర్చినవారు ఊళ్లో ఉన్నప్పుడు, ఒక్క కమాను లాగుడును పొడవైన డిలేలోకి పంపి చూడకుండా కంప్యూటర్‌లోని కృత్రిమ వయొలిన్లతో సరిపెట్టుకోవడం నాకు చాలా వెలితిగా తోస్తుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస కర్రతో చేసే వీణకు కర్ర కంపనాన్ని పట్టే చిన్న పియెజో మైకు అతికించి, మీటిన తరువాత మిగిలే నాదాన్ని మాత్రమే వాల్యూమ్ పెడల్‌తో పైకి తెస్తే, మీటు వినిపించకుండా స్వరం ఎక్కడినుంచో పుట్టుకొచ్చినట్టు ఉంటుంది. ఉత్తరాంధ్ర జానపద కథాగానమైన జముకుల కథలో వాడే జముకు తీగను లాగి వదిలినప్పుడు జారే నాదాన్ని రికార్డు చేసి సగం వేగానికి తగ్గిస్తే, అది ఒక స్థాయి కిందికి దిగి గంభీరమైన శ్రుతిగా మారుతుంది. అయితే ఈ వాయిద్యాలను అలంకారానికి మాత్రం తెచ్చిపెట్టకండి. కళాకారుడి అనుమతి అడిగి, ఆ పూట పారితోషికం ఇచ్చి, ఆల్బమ్ మీద పేరు వేసి, రికార్డింగ్‌ను ఏయే విధాలుగా వాడబోతున్నారో కాగితం మీద రాసి ఇవ్వండి.

పరిసరాల ధ్వనులకూ ఇదే శ్రద్ధ అవసరం. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టే కాలంలో రికార్డు చేయాలనుకుంటే దూరంగా నిలబడి, గాలి చప్పుడు పడకుండా మైకుకు తొడుగు వేసి, పక్షులను బెదరనీయకుండా చేయాలి. వంశధార, నాగావళి ఒడ్డున రికార్డు చేసేటప్పుడు ఒకే చోట కనీసం పదిహేను నిమిషాలు కదలకుండా ఉంటేనే వాడుకోదగిన మూడు నిమిషాలు దొరుకుతాయి.

విడుదల, ఆదాయం

ఆల్బమ్ కోసం మూడేళ్లు మౌనంగా ఉండడం కంటే, నాలుగైదు రచనలున్న చిన్న విడుదలను ఏడాదికొకటి చొప్పున తీసుకురావడం మొదట్లో మేలు. నాష్‌విల్‌కు చెందిన హ్యామక్ అనే ద్వయాన్ని చూడండి. కంట్రీ సంగీతానికి పేరుపడిన ఊళ్లో ఉంటూ 2005లో తొలి ఆల్బమ్ తెచ్చి, సొంత లేబుల్ మీద విడుదలలు చేస్తూ, ప్రదర్శనలు అరుదుగా ఇస్తూనే శ్రోతలను నిలుపుకున్నారు. చుట్టూ ఉన్న సంగీతం వేరైనంత మాత్రాన మీ సంగీతానికి చోటు లేదని అనుకోనక్కరలేదు.

మాస్టరింగ్‌లో, అంటే విడుదలకు ముందు శబ్దాన్ని చివరిసారి సర్దే పనిలో, గట్టిదనం కోసం పోటీ పడకండి. స్పాటిఫై సాధారణ అమరికలో అన్ని పాటలనూ దాదాపు మైనస్ 14 లఫ్స్‌కు (లఫ్స్ అంటే శబ్దపు గట్టిదనానికి కొలమానం) సర్దుతుంది కాబట్టి, నొక్కి పెంచిన శబ్దం మళ్లీ తగ్గిపోతుంది, పోయిన సున్నితత్వం మాత్రం తిరిగి రాదు. రచనలకు తెలుగు పేర్లే పెట్టి, వెతికేవారికి దొరికేలా వాటినే రోమన్ లిపిలో కూడా ఇవ్వండి.

ఆదాయం గురించి వాస్తవం తెలిసి ఉండడం అవసరం. స్పాటిఫై 2024 నుంచి, గడచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని ట్రాక్‌కు రాయల్టీ లెక్కగట్టడం లేదు. కొత్త ద్వయానికి స్ట్రీమింగ్ పరిచయం చేసే మార్గమే గాని జీవనాధారం కాదు. సంగీతాన్ని శ్రోతలకు నేరుగా అమ్ముకునే వెబ్‌సైట్ బ్యాండ్‌క్యాంప్ డిజిటల్ అమ్మకంపై 15 శాతం, క్యాసెట్లు, సీడీల వంటి వస్తువులపై 10 శాతం తీసుకుంటుంది, చెల్లింపు రుసుము దీనికి అదనం. ఆ సొమ్ము పేపాల్ ద్వారా వస్తుంది. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి భారతదేశంలో దేశీయ చెల్లింపులను నిలిపివేసినందువల్ల, విదేశీ శ్రోతలను అక్కడికి పంపి, ఇక్కడివారి నుంచి యూపీఐ ద్వారా సొమ్ము తీసుకుని డౌన్‌లోడ్ కోడ్ పంపడం సులువైన పద్ధతి.

నిలకడైన ఆదాయం చాలావరకు దృశ్యాలకు సంగీతం ఇవ్వడంలో ఉంది. టెక్సస్‌కు చెందిన ఎక్స్‌ప్లోజన్స్ ఇన్ ది స్కై అనే పోస్ట్ రాక్ బృందం 2004లో ఒక అమెరికన్ ఫుట్‌బాల్ చిత్రానికి సంగీతం ఇచ్చాక కొత్త శ్రోతలకు చేరువైంది. మీరు విశాఖపట్నంలోని లఘుచిత్ర దర్శకులతో, డాక్యుమెంటరీలు తీసేవారితో, నృత్య రూపకాలు చేసేవారితో మొదలుపెట్టవచ్చు. ప్రతి రచననూ పూర్తి రూపంలోను, శ్రుతి మాత్రమే ఉన్న రూపంలోను, ఒక నిమిషం రూపంలోను సిద్ధంగా ఉంచుకుంటే, అడిగిన రోజే పంపగలుగుతారు. ఇటువంటి అవకాశాలు చాలాసార్లు ముందుగా పంపినవారికే దక్కుతాయి.

కాగితం మీద ఉండవలసినవి

స్నేహం చెడకుండా ఉండాలంటే, స్నేహం బాగున్నప్పుడే ఒప్పందం రాసుకోవాలి. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే భాగస్వాముల మధ్య లాభనష్టాలు సమానమే. మీరు కోరుకునేది అదే అయినా కూడా రాసుకోండి. స్వరరచన ఎవరిది, రికార్డింగ్ హక్కు ఎవరిది, ఉమ్మడి సొమ్ముతో కొన్న పరికరాలు ఎవరి దగ్గర ఉంటాయి, ఒకరు తప్పుకుంటే రెండవవారు అదే పేరు వాడవచ్చునా అన్నవి తప్పనిసరిగా ఉండాలి.

బయటివారికి సంగీతం ఇచ్చేటప్పుడు 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 19వ సెక్షన్‌ను ఒకసారి చదవండి. హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. గడువు రాయకపోతే ఐదేళ్లుగాను, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమైనట్టుగాను పరిగణిస్తారు. కనుక అన్ని హక్కులూ శాశ్వతంగా, ప్రపంచమంతటికీ అని రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టే ముందు, ఈ ఒక్క చిత్రానికి, ఇన్నేళ్లకు అని మార్చమని అడగండి. స్వరకర్తలుగా ఇద్దరూ, స్వరకర్తల తరఫున రాయల్టీలు వసూలు చేసే సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుని, ప్రతి రచననూ అక్కడ నమోదు చేయించండి.

ప్రదర్శన

మొదటి ప్రదర్శనలకు పెద్ద ఆడిటోరియం వద్దు. నలభై మంది కూర్చోగల గ్రంథాలయపు గదో, పాఠశాల హాలో చాలు. మైక్‌సెట్ వారితో ముందురోజే మాట్లాడి, అలవాటుగా పెట్టే ఎకో తీసివేయించి, స్పీకర్లను చెవి ఎత్తుకు దించి పెట్టించండి. రాత్రి పది తరువాత బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్ వాడకంపై నిషేధం ఉంది కాబట్టి, సాయంత్రం ఆరున్నరకు మొదలుపెట్టి ఎనిమిది లోపు ముగించడం మంచిది. మధ్యలో చప్పట్లకు విరామం ఉండదని ముందే రెండు మాటల్లో చెబితే, మన శ్రోతలు చక్కగా కూర్చుని వింటారు.

ఒకరు ఊరు విడిచి వెళ్లినప్పుడు

ఉద్యోగం కోసం ఒకరు హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లడం మన జిల్లాల్లో సర్వసాధారణం. ద్వయం అక్కడితో ఆగిపోవాలని లేదు. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో మొదలైన స్టార్స్ ఆఫ్ ది లిడ్ ద్వయంలో ఆడమ్ విల్ట్జీ తరువాత బెల్జియంలో స్థిరపడగా, బ్రయన్ మెక్‌బ్రైడ్ అమెరికాలోనే ఉండిపోయాడు. 2001 నాటి ఆల్బమ్ తరువాత ఆరేళ్లకు, 2007లో, దూరంగా ఉంటూనే మరొక పెద్ద ఆల్బమ్ పూర్తిచేశారు. ఈ సంగీతానికి ఇద్దరూ ఒకే క్షణంలో వాయించడం తప్పనిసరి కాదు.

దానికి ముందుగా చేయవలసిన ఏర్పాట్లు కొన్ని ఉన్నాయి. ఇద్దరూ ఒకే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతూ, ఫైళ్లన్నిటినీ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లోనే ఉంచండి. ప్రతి ట్రాక్‌నూ రచన మొదటి క్షణం నుంచే ఎగుమతి చేస్తే అవతలివారు వరుస వెతుక్కోకుండా పక్కపక్కన పేర్చుకోగలుగుతారు. రివర్బ్ ఉన్న రూపం, లేని రూపం రెండూ పంపండి. ఫైలు పేరులో శ్రుతి, వేగం, తేదీ ఉండాలి. ఒక ప్రతిని ఆన్‌లైన్‌లో, మరొకదాన్ని ఊళ్లో ఉన్నవారి హార్డ్‌డిస్క్‌లో దాచండి. వచ్చిన ఫైలుకు జవాబు పంపడానికి రెండు వారాల గడువు పెట్టుకుని, ఆ గడువులో వాయించడానికి ఏమీ తోచకపోతే ఆ మాటే రాసి పంపండి.