ఎన్ఎఫ్ఎల్ జట్టుని చదవడం – 4వ పాఠం: డ్రాఫ్ట్‌కి మార్కులు, బెంచికి పరీక్ష

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో డౌన్లు, పొజిషన్లు, 53 మంది రోస్టర్ (జట్టు జాబితా) రూల్స్ గత మూడు పాఠాల్లో అయిపోయాయి. ఈసారి ఒక కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. చదువుతూ గీస్తేనే ఈ పాఠం తలకెక్కుతుంది.

ఏటా జట్లు కాలేజీ కుర్రాళ్ళని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్ ముగిసిన మర్నాడు పొద్దున్నే 32 జట్లకీ మీడియాలో గ్రేడ్లు వచ్చేస్తాయి. ఒకరికి ఎ, ఒకరికి బి ప్లస్, పాపం ఇంకొకరికి సి మైనస్. ఆ కుర్రాళ్ళు అప్పటికి ఒక్క స్నాప్ (బంతి కదలడంతో మొదలయ్యే ఒక్కో ఆట ముక్క) కూడా ఆడి ఉండరు. సరదాకి చదవండి, తప్పులేదు. వాటివల్ల తెలిసేది మాత్రం ఒకటే: ఆ రాసినాయన మనసులో ఉన్న లిస్టుకీ, జట్టు చేతిలో ఉన్న లిస్టుకీ ఎంత దూరమో. మన పద్ధతిలో డ్రాఫ్ట్ మొత్తానికి మూడేళ్ళు నిండేదాకా మార్కులు వెయ్యం. ఈలోగా బెంచిని చూస్తూ ఉంటాం, ఎందుకంటే డ్రాఫ్ట్ ఎలా జరిగిందో అందరికన్నా ముందు తేల్చేది బెంచే.

ముందు పిక్ ధర

ఐపీఎల్ వేలం అలవాటైన మనకి మొదట్లో ఒక తికమక ఉంటుంది. అక్కడ పర్సులో డబ్బుంటే ఎవరినైనా పాడుకోవచ్చు. ఇక్కడ పాట లేదు, వరస ఉంది; ఆ వరసలో ఒక్కో ఎంపికే పిక్. నిరుడు బాగా ఓడిన జట్టు ముందు ఎంచుకుంటుంది, గెలిచినవాళ్ళు చివర్లో. లీగ్‌కీ ఆటగాళ్ళ సంఘానికీ కుదిరిన 2011 ఒప్పందం తర్వాత రూకీల (మొదటి ఏడాది ఆటగాళ్ళ) జీతం కూడా ఎన్నో నంబరులో ఎంపికయ్యారన్నదాన్ని బట్టే దాదాపు ఖాయమైపోతుంది. అంటే పిక్ నంబరే ధర.

జట్లు పిక్‌లు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఆ ధరని పాయింట్లలోకి మార్చే పట్టిక ఒకటుంది. 1991లో డాలస్ కౌబాయ్స్ కోచ్ జిమ్మీ జాన్సన్ కోసం, జట్టులో వాటాదారు అయిన మైక్ మెకాయ్ అనే పెట్రోలియం ఇంజనీరు తయారు చేశాడు. మొదటి పిక్‌కి 3000 పాయింట్లు, 10వ పిక్‌కి 1300, 12కి 1200, 44కి 460, 99కి 104. ఐదో రౌండ్ మధ్యకి వచ్చేసరికి పాతికకి దిగిపోతుంది. ఇప్పటి జట్లు ఇంతకన్నా మెరుగైన పట్టికలు వాడుతున్నాయి, పైగా ఈ పాతది పై పిక్‌లకి మరీ ఎక్కువ విలువ కడుతుందన్న విమర్శ ఉంది, నిజమే. అయినా నేర్చుకునేవాళ్ళకి ఇదే సులువు.

ఎలాగూ కౌబాయ్స్ మాట వచ్చింది కాబట్టి ఉదాహరణకి వాళ్ళనే తీసుకుందాం. డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి సోమవారం ఆఫీసులో ఈ జట్టు గోల ఎలాగూ తప్పదు. ఫ్రిస్కోలో వీళ్ళ హెడ్‌క్వార్టర్స్ 'ద స్టార్' మీదుగా రోజూ కారులో పోయేవాళ్ళు మనలో బోలెడుమంది. జట్టు మొత్తం కాదు, ఒక్క పొజిషన్, కార్నర్‌బ్యాక్. ఒక్క గదిని, అంటే ఒక పొజిషన్ ఆటగాళ్ళ గుంపుని, పూర్తిగా చదవడం వస్తే మిగతావన్నీ అదే దారిలో వస్తాయి.

కాగితం మీద గది

ఎదుటి జట్టు రిసీవర్ని (విసిరిన బంతి అందుకునేవాణ్ణి) వెంటాడి బంతి అందకుండా చూసేవాడు కార్నర్. రెండంచుల్లో ఇద్దరు, లోపలి వైపు స్లాట్‌లో ఒకడు. డెప్త్ చార్ట్‌లో (ఎవరి తర్వాత ఎవరన్న జాబితాలో) ఇద్దరినే స్టార్టర్లుగా రాసినా నమ్మకండి. ఈ రోజుల్లో లీగ్ మొత్తం మీద సగానికి పైగా స్నాప్‌లు నికెల్‌లోనే, అంటే వెనక ఐదుగురు డిఫెన్సివ్ బ్యాక్‌లతోనే నడుస్తాయి. కాబట్టి మూడో కార్నర్ కూడా స్టార్టరే.

2022 సీజన్ మొదలయ్యేనాటికి గది ఇదీ. రాసుకోండి:

ట్రెవాన్ డిగ్స్ – 2020, 2వ రౌండ్, 51వ పిక్ – అంచు
ఆంథొనీ బ్రౌన్ – 2016, 6వ రౌండ్, 189 – అంచు, కాంట్రాక్టులో చివరి ఏడు
జోర్డన్ లూయిస్ – 2017, 3వ రౌండ్, 92 – స్లాట్
కెల్విన్ జోసెఫ్ – 2021, 2వ రౌండ్, 44 – బెంచి
నాషాన్ రైట్ – 2021, 3వ రౌండ్, 99 – బెంచి
డరాన్ బ్లాండ్ – 2022, 5వ రౌండ్, 167 – బెంచి, రూకీ

సి.జె. గుడ్విన్ అని ఇంకొకాయన పేరు పక్కన కూడా కార్నర్ అనే ఉంటుంది. ఆయన పనంతా స్పెషల్ టీమ్స్‌లోనే (కిక్‌ల సమయంలో దిగే బృందాల్లోనే), ఈ లెక్కలో కలపకండి. రోస్టర్‌లో తలలు లెక్కపెట్టి 'ఏడుగురున్నారు, ఢోకా లేదు' అనుకోవడం కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు.

ఆరుగురూ సొంతంగా డ్రాఫ్ట్ చేసుకున్నవాళ్ళే. బయటనుంచి కొన్నవాడు ఒక్కడూ లేడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది కదా? ఇప్పుడు అసలు పరీక్ష పెడదాం.

ఒకడు పడితే

పై ముగ్గురిలో ఒక్కో పేరు మీద వేలు పెట్టి మూసేయండి. రెండు ప్రశ్నలు వేసుకోండి: ఆ చోటుకి ఎవరొస్తారు? ఆయన రావడానికి ఇంకెంతమంది చోటు మారాలి? రెండో ప్రశ్నని చాలామంది వదిలేస్తారు. ఒకడికి దెబ్బ తగిలితే ముగ్గుర్ని కదిలించాల్సి వచ్చే జట్టుకి నిజానికి మూడు చోట్ల దెబ్బ తగిలినట్టే.

2022లో ఈ పరీక్ష కాగితం మీద కాదు, మైదానంలోనే జరిగింది. అక్టోబరులో లూయిస్ పాదానికి గాయం, సీజన్ అయిపోయింది. 44వ పిక్ జోసెఫ్ అంచు ఆటగాడు, స్లాట్ అలవాటు లేదు. ఐదో రౌండ్ రూకీ బ్లాండ్ లోపలికి వెళ్ళాడు, మిగతా ఎవరూ కదల్లేదు. ఆ సీజన్‌లో ఐదు ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు విసిరిన బంతిని మధ్యలో అందుకోవడం) పట్టాడు. డిసెంబరు మొదట్లో బ్రౌన్‌కి మడమ స్నాయువు తెగింది. ఇప్పుడు జోసెఫ్ వంతు. సరిగ్గా ఇలాంటి రోజు కోసమే 460 పాయింట్లు పెట్టి తెచ్చుకున్న ఆటగాడు. కొన్ని వారాలు కూడా నిలవలేదు, చోటు పోగొట్టుకున్నాడు.

సీజన్ అవగానే 2023 మార్చిలో కౌబాయ్స్ ఒక ఐదో రౌండ్ పిక్ ఇచ్చి ఇండియానాపొలిస్ నుంచి కార్నర్ స్టెఫాన్ గిల్మోర్‌ని తెచ్చుకున్నారు. 2019లో లీగ్ మొత్తానికీ ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు ఆయన, అప్పటికి 32 ఏళ్ళు. ఆ ఆగస్టులో జోసెఫ్‌ని మయామీకి పంపేశారు.

ఇక్కడ ఆగండి. జోసెఫ్ పిక్‌కి నేను మార్కులు వేసేది మయామీకి పంపిన రోజున కాదు, గిల్మోర్ వచ్చిన రోజున. కోచ్‌లు మీడియా ముందు ఏ కుర్రాడి గురించైనా 'బాగా ఎదుగుతున్నాడు' అనే అంటారు. ఆ మాటలు పక్కన పెట్టి, అదే పొజిషన్‌కి తర్వాత ఏం ఖర్చు పెట్టారో చూడండి. అన్ని గణాంకాలకన్నా నేను ఎక్కువ నమ్మేది దీన్నే. రెండో రౌండ్ కుర్రాడు రెండో ఏడు పూర్తి చేసిన వెంటనే అతని చోటుకి ముప్పై దాటిన ఆటగాడిని తెచ్చారంటే జట్టు సొంత చేత్తో సున్నా వేసుకున్నట్టే.

ఇక 2023. సెప్టెంబరులో ఒక గురువారం ప్రాక్టీసులో డిగ్స్ మోకాలు పోయింది. జులైలోనే 97 మిలియన్ డాలర్ల కొత్త కాంట్రాక్టు ఇచ్చారు, 2021లో 11 ఇంటర్‌సెప్షన్లతో లీగ్‌లో మొదటివాడు. అలాంటి పేరు మీద వేలు పెట్టి మూసేస్తే ఏ జట్టుకైనా టెన్షనే. అయితే కాగితం చూడండి. బ్లాండ్ అంచుకి వెళ్ళాడు, లూయిస్ గాయం నుంచి తిరిగొచ్చి స్లాట్‌లో ఉన్నాడు, గిల్మోర్ రెండో అంచున. ఒక్కడు కదిలాడు, అంతే. బ్లాండ్ ఆ ఏడు తొమ్మిది ఇంటర్‌సెప్షన్లు పట్టి, అందులో ఐదింటిని ఎదుటివాళ్ళ చివరి గీత దాటేదాకా పరుగెత్తి టచ్‌డౌన్లు చేశాడు. ఒక సీజన్‌లో అదే లీగ్ రికార్డు. అంతకుముందు ఎవరూ నాలుగు దాటలేదు. ఐదోది థాంక్స్‌గివింగ్ రోజున వాషింగ్టన్ మీద 45–10 మ్యాచ్‌లో, 63 గజాలు. వీలైతే వీడియో చూడండి. బంతి పట్టడం కన్నా ఆ తర్వాత మనుషుల మధ్యనుంచి దారి వెతుక్కున్న తీరు బాగుంటుంది.

వెంటనే తర్వాతి మ్యాచ్ కూడా చూడాలి మరి. సియాటిల్ రిసీవర్ డీకే మెట్‌కాఫ్ ఆ రాత్రి మూడు టచ్‌డౌన్లు కొట్టాడు, బ్లాండ్ ఆటకీ అది గట్టి ఎదురుదెబ్బే. కార్నర్‌ని ఇంటర్‌సెప్షన్లతో మాత్రమే కొలిస్తే సగం బొమ్మే కనిపిస్తుంది. డిగ్స్ విషయంలోనూ అంతే, 2021లో 11 పట్టినవాడు గజాలు కూడా ధారాళంగానే ఇచ్చాడు.

పాతిక పాయింట్ల పిక్ గెలిస్తే పొగడాలా?

జోసెఫ్, రైట్ ఇద్దరికీ కలిపి పట్టిక ప్రకారం 564 పాయింట్లు. బ్లాండ్‌కి సుమారు పాతిక. ఇది చూసి 'కౌబాయ్స్‌కి పై రౌండ్లు చేతకావు, కింద రౌండ్లలో మొనగాళ్ళు' అని తీర్పు చెప్పేయాలనిపిస్తుంది. అది తప్పు. 2022 ఐదో రౌండ్‌లో వాళ్ళకి నాలుగు పిక్‌లు ఉన్నాయి: 155, 167, 176, 178. నాలుగు విత్తనాలు వేస్తే ఒకటి చెట్టయింది. 176వ పిక్ డేమోన్ క్లార్క్ కొన్నాళ్ళు లైన్‌బ్యాకర్‌గా స్టార్ట్ చేశాడు. 178వ పిక్ జాన్ రిడ్జ్‌వే సెప్టెంబరు దాటకుండానే వాషింగ్టన్ చేతికి పోయాడు. పొగడాల్సింది బ్లాండ్‌ని కనిపెట్టిన కన్ను ఒక్కదాన్నే కాదు, నాలుగు పిక్‌లు సంపాదించిన పద్ధతిని కూడా. 176, 178 కాంపెన్సేటరీ పిక్‌లు, అంటే ఫ్రీ ఏజెంట్లని (కాంట్రాక్టు ముగిసి వేరే జట్టుకి పోయేవాళ్ళని) పోగొట్టుకున్నందుకు లీగ్ ఇచ్చే పరిహారం. 155 మాత్రం రిసీవర్ అమరీ కూపర్‌ని క్లీవ్‌లాండ్‌కి ఇచ్చి తెచ్చుకున్నది. అదే కూపర్ కోసం 2018లో మొదటి రౌండ్ పిక్ ఇచ్చారు. 20 మిలియన్ల జీతం వదిలించుకోవాలని ఐదో రౌండ్‌కి వదిలేశారు. ఆ లెక్కని కార్నర్ల గదిలో కాకుండా రిసీవర్ల గదిలో రాసుకోండి.

ఆలోచనకి ఒక మార్కు, ఫలితానికి ఇంకో మార్కు, రెండూ విడివిడిగా వెయ్యాలి. దీనికి 2021 డ్రాఫ్ట్‌ని మించిన ఉదాహరణ లేదు. ఆ రాత్రి 10వ పిక్ దగ్గర కౌబాయ్స్‌కి కావలసింది కార్నరే. జేసీ హార్న్‌ని 8లో కరొలైనా, పాట్రిక్ సర్టేన్‌ని 9లో డెన్వర్ తన్నుకుపోయాయి. అప్పుడు కౌబాయ్స్ 10వ పిక్‌ని బద్ధ శత్రువు ఫిలడెల్ఫియాకే ఇచ్చి, 12తో పాటు 84వ పిక్ తీసుకున్నారు. 100 పాయింట్లు వదిలి 170 రాబట్టారు, బేరం మంచిదే. 12లో వచ్చినవాడు డిఫెన్స్ ఆటగాడే, మైకా పార్సన్స్. కోరుకున్నది దొరక్క, దొరికినది అంతకన్నా మేలైంది. ఫలితానికి పదికి పది ఇస్తాను, ఆలోచనకి ఆరుకి మించి ఇవ్వను. తీరని కార్నర్ కోరికే మర్నాడు 44లో జోసెఫ్ దగ్గరికి నెట్టిందని నా అభిప్రాయం. అవసరం చూసుకుని పిక్ చేసే జట్లకి ఈ జబ్బు మామూలే.

క్యాలెండర్ మర్చిపోతే

2024 మార్చిలో గిల్మోర్ కాంట్రాక్టు అయిపోయి వెళ్ళిపోయాడు. ఆ చోటుకి అతని స్థాయివాణ్ణెవరినీ తేలేదు. డ్రాఫ్ట్‌లో 174వ పిక్‌తో కేలెన్ కార్సన్‌ని తెచ్చుకున్నారు, అదీ ఐదో రౌండే. కాగితం మీద డిగ్స్, బ్లాండ్, లూయిస్ ముగ్గురూ ఉన్నారు, బాగానే ఉంది. ఆగస్టు చివర బ్లాండ్ పాదంలో ఎముక చిట్లింది. క్లీవ్‌లాండ్‌లో మొదటి మ్యాచ్‌కి రూకీ కార్సన్ స్టార్టర్. తర్వాత అతనికీ భుజం గాయం. నవంబరులో బ్లాండ్ తిరిగొచ్చేదాకా ఎవరు దొరికితే వాళ్ళని నిలబెట్టారు.

రెండేళ్ళ కిందట ఐదో రౌండ్ కుర్రాడు కాపాడాడని ఈ ఏడూ ఐదో రౌండ్ కుర్రాడే కాపాడతాడని లెక్క వేసుకుంటే అది ప్లాన్ అవదు, ఆశ అవుతుంది. మీ కాగితంలో ప్రతి పేరు పక్కనా కాంట్రాక్టు ముగిసే సంవత్సరం తప్పకుండా రాయమనేది అందుకే. రూకీ కాంట్రాక్టు నాలుగేళ్ళు, మొదటి రౌండ్ వాళ్ళకి మాత్రం ఐదో ఏడు జట్టు ఇష్టం. స్టార్టర్ వెళ్ళిపోయే ఏడాదికి ముందే అతని వారసుడు బెంచి మీద ఉండాలి. వెళ్ళిపోయాక డ్రాఫ్ట్ చేస్తే ఆలస్యమైనట్టే, ఎందుకంటే కార్నర్‌కి మొదటి ఏడు కష్టంగానే గడుస్తుంది.

బ్లాండ్‌కి 2025 ఆగస్టులో సుమారు 90 మిలియన్ డాలర్ల నాలుగేళ్ళ కాంట్రాక్టు దక్కింది. డ్రాఫ్ట్ చేసిన జట్టే రెండో కాంట్రాక్టు ఇచ్చిందంటే ఆ పిక్‌కి పూర్తి మార్కులు వేసేయొచ్చు. పార్సన్స్‌ని అదే నెలలో గ్రీన్ బేకి ఇచ్చి రెండు మొదటి రౌండ్ పిక్‌లు, కెనీ క్లార్క్‌ని తీసుకున్నారు. అతనికి ఏ మార్కులు వెయ్యాలో జీతాల పరిమితి పాఠం అయ్యాక చూద్దాం.

మీ వంతు

ఇప్పుడు లెఫ్ట్ టాకిల్ (బంతి విసిరేవాడికి ఎడమ అంచున కాపలా కాసేవాడు) గది గీయండి. తేదీ: 2022 ఆగస్టు చివర. టైరన్ స్మిత్ (2011, 9వ పిక్) తొడ కండరం అప్పుడే చిరిగింది. ఉన్నవాళ్ళు: అప్పటిదాకా లెఫ్ట్ గార్డ్‌గా (టాకిల్ పక్కవాడిగా) ప్రాక్టీసు చేస్తున్న రూకీ టైలర్ స్మిత్ (24వ పిక్), కానర్ మెక్‌గవర్న్ (2019, 90), జాష్ బాల్ (2021, 138), రూకీ మ్యాట్ వాలెట్స్‌కో (155), కుడి వైపు ఆడే, డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని టెరెన్స్ స్టీల్. బయట ఖాళీగా 40 ఏళ్ళ జేసన్ పీటర్స్.

టైరన్ పేరు మూసేయండి. మీరైతే ఎవరిని పెడతారు, ఎంతమందిని కదుపుతారు? తర్వాత నిజంగా ఏం చేశారో వెతికి పోల్చుకోండి. అది అయ్యాక డిసెంబరుకి రండి: స్టీల్ మోకాలు పోయింది, టైరన్ తిరిగొచ్చాడు. ఎడమ వైపున కుదురుకున్న రూకీని కదపాలా, 2012 నుంచీ ఎడమ వైపే ఆడిన టైరన్‌ని కుడికి మార్చాలా?