రోడ్ ట్రిప్‌లో బట్టలు ఉతుక్కోవడం ఎలా? (అసలు గొడవంతా డ్రయర్ దగ్గరే)

డాలస్ నుంచి ఎల్లోస్టోన్ నేషనల్ పార్కుకి కారులో 12 రోజుల ట్రిప్పు, ఆరుగురం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మావయ్యగారు. ఇలాంటి ట్రిప్పు వేస్తున్నామంటే అందరూ హోటళ్ళ గురించి అడుగుతారు, పులిహోర ఎన్ని రోజులు నిలవ ఉంటుందని అడుగుతారు, రైస్ కుక్కర్ తీసుకెళ్ళాలా అని అడుగుతారు. బట్టల సంగతి మాత్రం ఒక్కరికీ గుర్తుకు రాదు. అయిదో రోజు యూటాలోని మోయాబ్‌లో ఎర్ర దుమ్ము పట్టిన సాక్సుల కుప్ప ముందు కూర్చుని అప్పుడు ఫోన్ చేస్తారు.

మనిషికి అయిదు జతలు చాలు. పన్నెండు రోజులకి పన్నెండు జతలు సర్దుకుంటే డిక్కీలో కూలర్‌కి చోటు ఉండదు, పైగా విడిచిన బట్టలు చివరి దాకా మీతోనే ప్రయాణం చేస్తాయి, ఆ వాసనతో సహా. నాలుగో రోజు ఒకసారి, ఎనిమిదో రోజు ఒకసారి ఉతికితే సరిపోతుంది.

ఎక్కడ ఉతకాలి అంటే, కాయిన్ లాండ్రీలో (నాణేలు వేసి మనమే మిషన్లలో ఉతుక్కునే షాపు), పొద్దున్నే ఏడింటికి. హోటల్లో మిషన్ ఉంది కదా అంటారు. ఉంటుంది, హోటల్ మొత్తానికి ఒకటో రెండో. మా తోడికోడలు వాళ్ళు ఎప్పుడూ హోటల్లోనే ఉతుకుతామని పంతం, పోయినసారి కలిసి వెళ్ళినప్పుడు రాత్రి పదకొండింటి వరకు కారిడార్‌లో కాపలా కాసింది, ముందు వాళ్ళెవరో బట్టలు వేసి మర్చిపోయి పడుకున్నారట. కాయిన్ లాండ్రీలో అయితే మూడు మిషన్లు ఒకేసారి వేసేయొచ్చు, గంటన్నరలో ఆరుగురి బట్టలూ అయిపోతాయి, ఆ టైంలో మిగతావాళ్ళు టిఫిన్ కానిస్తారు. సాయంత్రం వెళ్తే రద్దీ, పైగా చివరి వాష్ ఎన్ని గంటలకో గోడ మీద రాసి ఉంటుంది, అది చూడకుండా వెళ్ళి తడి బట్టలతో బయటపడ్డవాళ్ళూ ఉన్నారు.

పార్కు లోపలే ఉన్నా దిగులు లేదు. ఎల్లోస్టోన్‌లో కాన్యన్, గ్రాంట్ విలేజ్, ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గర, గ్రాండ్ టీటన్‌లో కోల్టర్ బే దగ్గర, గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో మాథర్ క్యాంప్‌గ్రౌండ్ పక్కన సీజన్‌లో లాండ్రీలు ఉంటాయి. వెళ్ళేముందు టైమింగ్స్ ఒకసారి చూసుకోండి.

అన్నట్టు, ఎల్లోస్టోన్‌లో అన్నిటికంటే పాత వాషింగ్ మిషన్ ఏదో తెలుసా? ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, ఉండుండి వేడినీళ్ళు పైకి చిమ్మే గీజర్. 1882లో జనరల్ షెరిడాన్ సైనికులు మాసిన బట్టలు అందులో పడేసి, అది చిమ్మేదాకా ఆగి, ఉతికిన బట్టలు ఏరుకున్నారట. నూలు బట్టలు బాగానే వచ్చాయి, ఉన్నివి మాత్రం పీలికలైపోయాయి. ఇప్పుడు అందులో ఏం వేసినా నేరమే. ఈ కథ చెప్పగానే అత్తయ్యగారు "మంచి నీళ్ళు మరిగించి వృథాగా వదిలేస్తున్నారు" అన్నారు.

సామాను

పాత దిండు గలీబులు రెండు (ఒకటి తెల్లవాటికి, ఒకటి రంగువాటికి), రెండు జాలీ సంచులు, ఒక బట్టల సబ్బు, మూడు గజాల నైలాన్ తాడు, క్లిప్పులు పది, డిటర్జెంట్, క్వార్టర్లు (పాతిక సెంట్ల నాణేలు). లిక్విడ్ డబ్బా వద్దు. డాలస్‌లో మూత బిగించిన డబ్బా ఎనిమిది వేల అడుగుల ఎత్తుకి వెళ్ళేసరికి చిప్స్ ప్యాకెట్‌లా ఉబ్బుతుంది, మూత తీయగానే చెయ్యంతా సబ్బే. పాడ్స్ (ఒక్కో వాష్‌కి ఒక్కోటి వేసే చిన్న డిటర్జెంట్ పొట్లాలు) తెచ్చుకోండి, కాకపోతే అవి చూడ్డానికి అచ్చం చాక్లెట్లలా ఉంటాయి, చిన్నపిల్లలకి అందని చోట పెట్టండి. క్వార్టర్లు బయల్దేరే ముందే బ్యాంకులో తీసుకోండి, నారింజ రంగు కాగితం చుట్టిన రోల్ ఒకటి పది డాలర్లు, లోపల 40 ఉంటాయి. నాలుగు రోల్స్ తీసుకోండి. అక్కడ చిల్లర మిషన్ ఉంటుందిలే అనుకుంటే అది పాడైపోయి ఉంటుంది. కొన్ని చోట్ల క్వార్టర్ల బదులు వాళ్ళ కార్డులో డబ్బు వేయించుకోమంటారు. మిగిలిన డబ్బు ఆ కార్డులోనే ఉండిపోతుంది, మీరు మళ్ళీ ఆ ఊరు వెళ్ళేది లేదు. నేనైతే అలాంటి చోటికి వెళ్ళను.

ఉతకడం

జేబులు చూడండి. చీరలకీ చున్నీలకీ పిన్నీసులు ఉన్నాయేమో చూడండి. లంగా బొందులు ముడి వేయండి, లేకపోతే అవి అన్నిటికీ చుట్టుకుని ఒక మోపు తయారవుతుంది. నైటీ భుజం మీద బొట్టు బిళ్ళ అంటించి ఉంటుంది, అది తీసేయండి. కొత్త కలంకారీ, మంగళగిరి లాంటి రంగు దిగే బట్టలు మిషన్‌లో అసలు వేయొద్దు. హోటల్ బకెట్... బకెట్ ఎక్కడుంటుంది లెండి, సింకులోనే జాడించండి. మిగతావన్నీ చన్నీళ్ళలో, మిషన్‌కి ఒక్క పాడ్, రెండు వేస్తే నురగ పోదు. మిషన్‌ని ముప్పాతిక దాకా నింపండి. అరగంటలో అయిపోతుంది.

డ్రయర్: ఇక్కడే అందరూ పాడు చేసేది

మనవాళ్ళు చేసేది ఏమిటంటే, తడి బట్టలన్నీ ఒకే డ్రయర్‌లో కుక్కేసి, హై మీద పెట్టి, ఉన్న క్వార్టర్లన్నీ ఒకేసారి వేసేసి కాఫీకి వెళ్ళిపోతారు. వచ్చేసరికి జీన్స్ తడిగానే ఉంటాయి, మావయ్యగారి నూలు బనియన్లు మనవడికి సరిపోయేలా ఉంటాయి.

మొదట చేయాల్సింది, వాషర్‌లోంచి తీసిన ప్రతి బట్టనీ వెలుతురులో పట్టుకుని మరక ఉందా అని చూడాలి. ఒక్కొక్కటీ. ఉతికినా పోని ఆవకాయ నూనె మరకకి డ్రయర్ వేడి తగిలిందంటే అది ఇక ఆ చొక్కాతోనే ఉంటుంది. అందుకే మరక ఉన్నది పక్కన పెట్టి, సబ్బు రుద్ది, మళ్ళీ ఉతికే వరకు డ్రయర్ వైపు వెళ్ళనివ్వొద్దు. పసుపు మరకకి వేరే వైద్యం. సబ్బు తగలగానే ఎర్రబడుతుంది, మనందరికీ తెలిసిందే, కంగారు పడొద్దు. దాన్ని తడిగానే తీసుకెళ్ళి కారు వెనక అద్దం కింద, మరక ఎండకి తగిలేలా పరచండి. పసుపు రంగు ఎండకి నిలవదు. యూటా ఎండలో రెండు మూడు పూటలకి వెలిసిపోతుంది. ఏ డాలర్ల స్ప్రే కూడా ఈ పని చేయలేదు, నేను మూడు రకాలు కొని చూశాను.

రెండోది, జేబులు మళ్ళీ చూడటం. అవును, మళ్ళీ. వాషర్‌లో తప్పించుకున్నది డ్రయర్‌లో తప్పించుకోదు. మూడేళ్ళ కిందట కొలరాడోలో మా చిన్నవాడి నిక్కరు జేబులో ఒక ఎర్ర క్రేయాన్ ఉండిపోయింది, రెస్టారెంట్లో పిల్లల మెనూతో ఇచ్చేది, వేలెడంత. వాషర్‌లో చన్నీళ్ళు కాబట్టి దానికి ఏం కాలేదు, నేను చూడలేదు. డ్రయర్‌లో పది నిమిషాలకే కరిగి డ్రమ్ము చుట్టూ తిరిగింది. తలుపు తీస్తే మావయ్యగారి తెల్ల పంచె మీద, అత్తయ్యగారి నైటీ మీద, నా రెండు కుర్తీల మీద ఎర్ర చారలు, ఎవరో వేలితో గీసినట్టు. బట్టలు పోతే పోయాయి, డ్రమ్ములో అంటుకున్న మైనం వెనక వచ్చేవాళ్ళ బట్టలకి పట్టకూడదని గంటసేపు టిష్యూలతో తుడిచాను, వేడిగా ఉన్నప్పుడే వస్తుంది కాబట్టి మధ్యమధ్యలో క్వార్టర్లు వేసి వేడి చేస్తూ మరీ. మావయ్యగారు పక్కనే నిలబడి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మూడోది, విడదీయడం. చీరలు, జరీ ఉన్నవి, ఎలాస్టిక్ ఉన్నవి, లుంగీలు, పంచెలు డ్రయర్‌లో వేయొద్దు. అయిదున్నర గజాల చీర లోపల తాడులా మెలిపడి నాలుగు చొక్కాలని పొట్టలో దాచుకుంటుంది, అవి ఎంతసేపటికీ ఆరవు. హోటల్ బాత్‌రూమ్‌లో నైలాన్ తాడు కట్టి ఆరేయండి, ఆ ప్రాంతాల పొడి గాలికి తెల్లారేసరికి ఆరిపోతాయి. బాల్కనీ రెయిలింగ్ మీద వేయొద్దు, చాలా హోటళ్ళు ఒప్పుకోవు. డ్రయర్‌లో వేసేవాటిని రెండుగా చేయండి: ఒకదాంట్లో జీన్స్, తువ్వాళ్ళు, ఇంకోదాంట్లో టీషర్టులు, పిల్లల బట్టలు. సగం కంటే ఎక్కువ నింపొద్దు, బట్ట పైకి లేచి కిందపడితేనే ఆరుతుంది. వేసేముందు జల్లెడ తీసి ముందువాళ్ళు వదిలిన నూగు దులపండి, ఎవరూ దులపరు.

ఇక క్వార్టర్లు. ఒక్కోటి వేస్తే అయిదారు నిమిషాలు, చోటుని బట్టి కొంచెం అటూ ఇటూ. మూడే వేయండి, మీడియం మీద. ఆగాక తలుపు తీసి, చేత్తో పట్టుకు చూసి, ఆరినవి బయటికి లాగి, తడిగా ఉన్నవాటికి ఇంకో రెండు. డ్రయర్ ముందు నుంచి కదలొద్దు. నూలు బట్టలైతే నడుం పట్టీ దగ్గర, కాలర్ దగ్గర కాస్త చెమ్మగా ఉండగానే తీసేయండి, మిగతాది కారులో ఆరుతుంది. ఎండిపోయి కరకరలాడేదాకా ఉంచితే కుంచించుకుపోతుంది, మళ్ళీ సాగదు. వేడి మీద ఉన్నప్పుడే అక్కడి బల్ల మీద మడత పెట్టేయండి, ఇస్త్రీ అక్కర్లేదు.

మడతలు ఎవరివి వాళ్ళ బ్యాగులో పెట్టేస్తే అయిపోయినట్టే. క్వార్టర్లు మాత్రం లెక్క కంటే నాలుగు ఎక్కువ ఉంచుకోండి. వెస్ట్ ఎల్లోస్టోన్‌లో మావయ్యగారికి రోల్ ఇచ్చి ఒక్కోటి అందించమంటే, ఒక క్వార్టర్ వెనక ఓల్డ్ ఫెయిత్‌ఫుల్, దాని ముందు అడవిదున్న ఉండటం చూశారు. 2010లో వచ్చిన బిళ్ళ అది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, మిగిలిన నాణేలన్నీ తిప్పి తిప్పి చూడటం మొదలుపెట్టారు. డ్రయర్ ఆగిపోయింది, ఆయన దగ్గరున్నవన్నీ "దాచుకోవాల్సినవే" అయ్యాయి, ఆ రోజు జీన్స్ తడిగానే సీట్ల మీద పరుచుకుని వెళ్ళాం.