పళ్లెం ముందు వాదించకండి: అనొరెక్సియా ఉన్న బిడ్డకు ఇంట్లో తినిపించడం

నేను లెక్కల మాస్టారిని. 30 ఏళ్లుగా మెట్టు మెట్టుగా చూపించి ఎదుటివాళ్ల చేత ఒప్పించడమే నా పని. మా అమ్మాయికి 15వ ఏట అనొరెక్సియా, అంటే లావైపోతానన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు, వచ్చినప్పుడూ అదే చేశాను. ఒంటికి రోజుకు ఎంత శక్తి కావాలో, తను తింటున్నది ఎంతో కాగితం మీద వేసి చూపించాను. తను నా లెక్కలో తప్పు పట్టింది. నిజంగానే తప్పుంది కూడా. అలా నాలుగు నెలలు పోయాయి. మీకు ఆ నాలుగు నెలలు పోకూడదని ఇది రాస్తున్నాను. పెరిగే వయసు పిల్లలున్న ఇంటికి సరిపోయే పద్ధతి ఇది.

ముందు డాక్టరు, తర్వాతే పళ్లెం. చాలా రోజులు సరిగా తినని మనిషికి ఒక్కసారిగా దండిగా పెడితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. దీన్ని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. అందుకే ఎంతతో మొదలుపెట్టాలో, ఎంత వేగంగా పెంచాలో డాక్టరే చెప్పాలి. రక్త పరీక్షలు, ఈసీజీ ఎలాగూ చేస్తారు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి పల్స్, బీపీ చూడమని మాత్రం మీరే అడగండి. మేం మొదట వెళ్లిన డాక్టరు కూర్చోబెట్టి బీపీ చూసి, "రిపోర్టులన్నీ నార్మల్, ఈ వయసులో ఇలాగే ఉంటారు" అని పంపించేశాడు. రెండోచోట నిలబెట్టి చూశారు. పల్స్ ఒక్కసారిగా బాగా పెరిగిపోయింది. ఆ రోజే అడ్మిట్ చేసుకున్నారు. రక్తం రిపోర్టు బాగున్నంత మాత్రాన గండం లేదనుకోవద్దు, ఒళ్లు చివరిదాకా ఎలాగోలా సర్దుకుంటూ వస్తుంది.

మెలకువగా ఉన్నప్పుడు పల్స్ నిమిషానికి 50 కంటే తగ్గినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, నీళ్లు తాగడం కూడా మానేసినా, చచ్చిపోవాలని ఉందన్నా తెల్లారేదాకా ఆగకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. చూడటానికి సన్నగా లేకపోయినా ఇంతే. లావుగా ఉన్న పిల్లలు గబగబా చిక్కిపోతే అందరూ మెచ్చుకుంటారు, లోపల గుండె మాత్రం అలాగే దెబ్బతింటుంది. అబ్బాయిలకు ఇది రాదన్నది కూడా ఉత్త మాటే.

ఇక వాదన సంగతి. 1944లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. ఒంట్లోనూ మనసులోనూ ఏ జబ్బూ లేని 36 మంది యువకులను ఎంచుకుని, వాళ్లకు 24 వారాలపాటు తిండి దాదాపు సగానికి తగ్గించాడు. వాళ్లు తిండి గురించి తప్ప మరో ధ్యాస లేకుండా అయిపోయారు. వంటల పుస్తకాలు పోగేసుకున్నారు. ఒక్క పళ్లెం ముందు గంటలు గడిపారు. చిరాకు, దిగులు, ఎవరితోనూ కలవకపోవడం. అది చదివాక మా అమ్మాయి గంటల తరబడి వంటల వీడియోలు చూడటం, తిండిని గోరంత ముక్కలు చేసి గంటన్నర తినడం నాకు వేరేగా కనబడ్డాయి. నేను పొగరనుకున్నదాంట్లో చాలా భాగం ఆకలి చేస్తున్న పని. ఆకలితో మాడిపోతున్న మెదడుకు తర్కం ఎక్కదు. ముందు తిండి, తర్వాత మాట. 1980లలో లండన్‌లోని మాడ్‌స్లీ హాస్పిటల్‌లో రూపుదిద్దుకున్న కుటుంబ చికిత్స కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది: కొన్నాళ్లపాటు ఏం తినాలన్న నిర్ణయం పిల్ల చేతిలో ఉండదు, తల్లిదండ్రులు తీసుకుంటారు. దీన్ని మీకు మీరే నడపొద్దు. ఈ జబ్బు తెలిసిన థెరపిస్టు ఒకరు, ఒంటిని కనిపెట్టుకునే డాక్టరు ఒకరు వెనక ఉండాలి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. రోజుకు మూడు భోజనాలు, మధ్యలో మూడుసార్లు చిరుతిండి. ఏం పెట్టాలో నేనూ నా భార్యా రాత్రే అనుకునేవాళ్లం, అమ్మాయిని అడిగేవాళ్లం కాదు. "ఏం తింటావు?" అన్న ప్రశ్న ప్రేమగానే ఉంటుంది, కానీ ఆ పిల్లకు అది పరీక్ష. ఎక్కువ అడిగితే లోపల జబ్బు తిడుతుంది, తక్కువ అడిగితే మనం తిడతాం. వంట చేసేటప్పుడు తనను వంటింట్లోకి రానివ్వలేదు. మొదట్లో తలుపు దగ్గర నిలబడి ఏడ్చేది. రెండు వారాలకు ఆ ఏడుపు తగ్గింది. తర్వాత ఎప్పుడో తనే చెప్పింది, చూడక్కర్లేదని తెలిశాక ఊపిరి పీల్చుకున్నట్టు ఉండేదని.

వడ్డించాక పక్కన కూర్చుని మనమూ తినాలి. ఎదురుగా కూర్చుంటే పోలీసులా ఉంటాం, పక్కనే నయం. తినడం ఆగిపోతే చెప్పాల్సిన మాట పొట్టిగా ఉండాలి. నా భార్య "ఇంకో ముద్ద, తల్లీ" అనేది, అంతే. నేను మాత్రం మొదట్లో ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. "నాకు ఆకలి లేదు నాన్నా" అంటే ఆకలి హార్మోన్ల గురించి చెప్పేవాణ్ని. ఆ ఐదు నిమిషాలూ చెంచా కిందే ఉండేది. జబ్బుకు కావాల్సిందీ అదే. చివరికి థెరపిస్టు నాకు ఒక వాక్యం రాసిచ్చింది: "కష్టంగా ఉందని తెలుసు, నేను ఇక్కడే ఉన్నాను, తినమ్మా." నాలాంటి వాగుడుకాయ అయితే మీరూ ఒక వాక్యం రాసిపెట్టుకోండి. అది అయిపోతే మళ్లీ అదే.

భోజనానికి అరగంట, చిరుతిండికి పావుగంట అని మేం పెట్టుకున్నాం. మిగిలితే దాని బదులు ఏం తాగాలో డైటీషియన్ ముందే రాసిచ్చింది. అదీ తాగకపోతే అరవలేదు, కొట్టలేదు. అది తాగేదాకా స్కూలూ లేదు, ఫోనూ లేదు. శిక్షలా కాదు, జ్వరం వచ్చిన పిల్లను బడికి పంపం కదా, అలా. పళ్లెం మీద మేమిద్దరం వేర్వేరు మాటలు మాట్లాడిన రోజు మాత్రం ప్రతిసారీ ఓడిపోయాం. "సగం తిన్నావుగా, చాల్లే" అని ఒకరంటే చాలు, రేపటికి ఆ సగమే మొత్తం అవుతుంది.

తిన్నాక గంటసేపు ఒంటరిగా వదలకూడదు. ఆ గంట అన్నిటికన్నా గడ్డుది. బాత్రూమ్‌కి వెళ్లాల్సింది తినకముందే. మేం పదకేళి పూర్తి చేసేవాళ్లం, నేను కావాలనే తప్పులు రాసేవాణ్ని. నా తప్పులు దిద్దడం తనకు ఇష్టం.

అంకెల విషయం నాకు మింగుడుపడలేదు. బరువు చూసే మెషిన్ ఇంట్లోంచి తీసేయండి. క్లినిక్‌లో చూస్తారు, మా అమ్మాయిని మొదటి నెలల్లో వెనక్కి తిప్పి నిలబెట్టి చూసేవాళ్లు, అంకె కనబడకుండా. ఆ అంకె ఎప్పుడు చెప్పాలన్నది థెరపిస్టు నిర్ణయం. ప్యాకెట్ల మీద లేబుళ్లు చింపేశాం. ఇంట్లో ఎవరూ తమ పొట్ట గురించీ డైట్ గురించీ మాట్లాడకూడదని పెట్టుకున్నాం. బంధువులకూ ఫోన్ చేసి చెప్పాను, "ఒళ్లు వచ్చింది, బాగున్నావు" అనొద్దని. ఆ మాట పిల్ల చెవిలో "లావయ్యావు" అని పడుతుంది.

కోలుకునేటప్పుడు ఒళ్లు వింతగా ప్రవర్తిస్తుంది, ముందే తెలిస్తే భయం ఉండదు. కొద్దిగా తిన్నా పొట్ట ఉబ్బి రాయిలా ఉంటుంది, ఎందుకంటే తిండి లేక జీర్ణాశయం ఖాళీ అవడమే నెమ్మదించింది. తింటూ ఉంటేనే అది సరవుతుంది. రాత్రుళ్లు చెమటలు పడతాయి. కాళ్లు వాచొచ్చు. వాపు కనబడితే అది నీళ్లేలే అని ఊరుకోకుండా డాక్టరుకు చెప్పండి. కోపం కూడా పెరుగుతుంది. "నువ్వు నా నాన్నవి కాదు" అని ఒక రాత్రి అంది. నేను మేడ మీదకెళ్లి ఏడ్చి వచ్చి చిరుతిండి పెట్టాను.

మీ ఇంట్లో ఉన్నది బులీమియా అయితే, అంటే ఆపుకోలేక తినేసి తర్వాత వాంతి చేసుకోవడం అయితే, పని కొంచెం వేరు. అక్కడ గొలుసు ఆకలి దగ్గరే తెగాలి. మూడు నాలుగు గంటలకు మించి కడుపు ఖాళీగా ఉంచకపోవడం మొదటి మందు. పొద్దుటి భోజనం మానేసిన రోజే సాయంత్రం అదుపు తప్పుతుంది. ఆలోచనల్ని సరిచేసే సీబీటీ చికిత్స దీనికి బాగా పనిచేస్తుంది. ఫ్లూయాక్సెటిన్ అనే మందు కూడా డాక్టరు ఇవ్వవచ్చు. వాంతి అయ్యాక వెంటనే పళ్లు తోమితే మెత్తబడ్డ పైపొర అరిగిపోతుంది, నీళ్లతో పుక్కిలిస్తే చాలు. పొటాషియం పరీక్ష తరచూ చేయించాలి. దొరికిపోయినప్పుడు నిలదీయకండి, సిగ్గుతోనే ఆ జబ్బు బతుకుతుంది.

మాకు ఏడో నెలలో పగ్గాలు కొద్దికొద్దిగా తిరిగి ఇవ్వమన్నారు. మొదట స్కూల్లో తినే చిరుతిండి ఒక్కటే. మొదటి వారం బాగా నడిచింది, రెండో వారం డబ్బా నిండుగా తిరిగొచ్చింది. అంటే తొందరపడ్డామని అర్థం, అంతకు మించి ఏం లేదు. మూడు వారాలు మళ్లీ మేమే పక్కన కూర్చుని, తర్వాత మళ్లీ ఇచ్చాం.

ఇప్పుడు తనకు 18. బీరువా తలుపు లోపల ఒక కాగితం అంటించి ఉంది. పరీక్షలప్పుడు, జ్వరం వచ్చి తిండి తగ్గినప్పుడు జబ్బు తిరగబెట్టే వీలుంది కాబట్టి, ఏ గుర్తు కనబడితే ఎవరు ఏం చేయాలో ఇద్దరం కూర్చుని రాసుకున్నాం. ఒక పూట తిండి మానేస్తే అమ్మకు చెప్పాలి. వరుసగా రెండు రోజులైతే క్లినిక్‌కి ఫోన్. మూడోది తనే రాసింది: "నాన్న లెక్కలు చెప్పడం మొదలుపెడితే ఎవరైనా ఆపాలి."