మనుషుల అక్రమ రవాణా నవలపై పుస్తక చర్చ ఎలా నడపాలి?

హైదరాబాదులో చర్చలకు చోటు కరువు లేదు. బంజారాహిల్స్‌లో లామకాన్, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ఏదీ కుదరకపోతే ఎవరింటి డాబా అయినా సరే. ఎనిమిది మందికి మించి పిలవకండి. పుస్తకం మూడు వారాల ముందే అందరి చేతికీ అందాలి. అందులో పిల్లలపై హింస ఉంటే ఆ సంగతి అప్పుడే చెప్పండి. రానన్నవారిని కారణం అడగవద్దు. చదవనివారు రావచ్చు, మాట్లాడకూడదు. టీ, ఉస్మానియా బిస్కెట్లు చర్చ ముగిశాకే.

అందరూ చెడగొట్టేది మొదటి పది నిమిషాలనే. "మీకేమనిపించింది?" అంటూ వరుసగా అడుగుతారు. మొదటి ఆయనకు బాధ వేస్తుంది, రెండో ఆయనకు చాలా బాధ వేస్తుంది, ఆరో మనిషి వచ్చేసరికి బాధలో పోటీ మొదలవుతుంది. ఏడో వారు తప్పకుండా అంటారు: "చదువుకున్న పిల్లే కదా, ఎందుకు పారిపోలేదు?" ఇక దళారీ మాయమవుతాడు, బోనులో ఆ పిల్ల ఒక్కతే మిగులుతుంది. పెద్ద పెద్ద సాహిత్య సభల్లోనూ ఇదే చూశాను.

నా పద్ధతి వేరు. నవలలో డబ్బు చేతులు మారే పేజీని ముందే వెతికి పెట్టుకోండి. గట్టిగా చదివించండి. తర్వాత ఒక తెల్లకాగితం మీద పద్దు రాయించండి: ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారు, రైలు టిక్కెట్టు, బట్టలు, తిండి, మందులు ఎవరి ఖాతాలో పడ్డాయి. పనిచేసే కొద్దీ అప్పు పెరుగుతుండడం కళ్లముందు కనబడితే "ఎందుకు పారిపోలేదు" అని అడిగే నోరు మూతపడుతుంది. పద్దు లేని నవలైతే? నేనైతే అలాంటి నవలను చర్చకు ఎంచుకోను.

"ఇష్టపడే వెళ్లింది కదా" అని ఇంకా ఎవరైనా అంటే, భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం ఈ నేరాన్ని తేల్చడంలో బాధితుల సమ్మతికి విలువ లేదని ఒక్క వాక్యంలో చెప్పి పుస్తకంలోకి వచ్చేయండి. గదిలో వకీలు ఉంటే మరీ జాగ్రత్త, అరగంట పోతుంది. "ఇవన్నీ బొంబాయిలో జరుగుతాయి" అనేవారికి 2015 జనవరిని గుర్తుచేయండి. పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందలకు పైగా పిల్లలను విడిపించారు. వారిలో ఎక్కువమంది బీహార్ పిల్లలు.

అన్నిటికంటే సున్నితమైనది మరొకటుంది. ఒకసారి మా చర్చలో ఒకావిడ, గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్లిన తన అక్క మాట ఎత్తారు. "తర్వాత ఏమైంది?" అని పక్కావిడ కథ అడిగినట్టే అడిగారు. ఆమె చెప్పడం ఆపేశారు. మరి మా చర్చలకు రాలేదు. అందుకే సొంత అనుభవాలు చెప్పమని ఎవరినీ అడగవద్దు. వారంతట వారే చెబితే చెప్పినంతే వినండి. ప్రశ్నలు వద్దు, ఓదార్పు ఉపన్యాసాలు అసలే వద్దు. మహిళల సహాయానికి 181, పిల్లలకు 1098 నంబర్లను పద్దు కాగితం వెనుక ముందే రాసి, అందరికీ ఒక్కో ప్రతి ఇవ్వండి. అప్పుడు అవసరమైనవారు చేయెత్తి అడగనక్కరలేదు.

గంటన్నరకు ఆపేయండి. టీ తాగుతూ వచ్చే నెల పుస్తకం తేల్చుకోండి. నవ్వించేది ఎంచండి. మళ్లీ ఇలాంటిదే పెడితే ఎనిమిది మందిలో ముగ్గురే వస్తారు.