డక్ట్ టేప్‌తో వేస్ట్‌కోట్, బో టై

అమెరికా, కెనడా హైస్కూళ్లలో ప్రామ్‌కి, అంటే చదువు చివర్లో జరిగే డాన్సు పార్టీకి, డక్ట్ టేప్ (రిపేర్లకి వాడే వెడల్పాటి గట్టి టేప్) గౌన్లు, సూట్లు వేసుకెళ్లే పిల్లలు ఉన్నారు. డక్ బ్రాండ్ టేప్ వాళ్లు 2001 నుంచి ‘స్టక్ ఎట్ ప్రామ్’ పేరుతో దీనికి స్కాలర్‌షిప్ పోటీ కూడా నడుపుతున్నారు. అక్కడ చదువుతున్న మన పిల్లలెవరైనా సరదా పడితే మొదటిసారే పూర్తి సూటు జోలికి పోవద్దు. టేప్‌తో వేస్ట్‌కోట్, బో టై చేసుకుని, మామూలు తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు మీద వేసుకుంటే నిండుగా ఉంటుంది. పోటీకి పంపే ఉద్దేశం ఉంటే ఆ ఏడాది నియమాలు ముందే చదువుకోవాలి. లోపల గుడ్డ ఎంతవరకు వాడొచ్చో ముఖ్యంగా చూసుకోవాలి.

ముందు టేప్ సరైనదో కాదో చూడండి. అసలు డక్ట్ టేప్‌లో మూడు పొరలుంటాయి: పైన పాలిథిన్, మధ్యలో దారాల వల, కింద రబ్బరు జిగురు. చేత్తో అడ్డంగా చింపితే నేరుగా చిరగాలి, అంచున దారాలు కనబడాలి. సాగుతూ పోతే అది పీవీసీ టేప్. వెండి కాగితంలా నలిగితే ఏసీ పైపులకు వేసే ఫాయిల్ టేప్. ఆ రెండూ ఈ పనికి రావు.

38 అంగుళాల చాతీకి లెక్క చెబుతాను. టేప్ పెద్దగా సాగదు, గాలి ఆడనివ్వదు. అందుకే మామూలు బట్టకి ఇచ్చేదానికంటే ఎక్కువ లూజు, మొత్తం 4 అంగుళాలు ఇవ్వాలి. 42ని నాలుగు భాగాలు చేస్తే పదిన్నర. ముందు ముక్క ఒక్కొక్కటి పదిన్నరకి గుండీపట్టీ 1 అంగుళం కలిపి పదకొండున్నర. వెనక ముక్క 21. పొడవు భుజం నుంచి 24. చంక రౌండ్‌ని మామూలు కంటే అర అంగుళం కిందికి దించాలి. లేకపోతే చెయ్యి ఎత్తిన ప్రతిసారీ గట్టి అంచు చంకలో కోస్తుంది. ఈ కొలతలతో పాత న్యూస్‌పేపర్ మీద కటింగ్ తీసి, ముక్కలు అతికించి, ఒంటి మీద పెట్టుకుని కూర్చుని చూడాలి. కాగితం కూడా సాగదు కాబట్టి అది ఎక్కడ చిరిగితే టేప్ అక్కడే ఇబ్బంది పెడుతుంది. ఈ ట్రయల్ మాత్రం మానొద్దు.

మొత్తం విస్తీర్ణం 1,056 చదరపు అంగుళాలు వస్తుంది. టేప్ వెడల్పు 1.88 అంగుళాలు (48 మి.మీ.), పావు అంగుళం ఒకదానిమీదొకటి ఎక్కితే మిగిలేది 1.63. అంటే దాదాపు 648 అంగుళాల టేప్, 18 గజాలు. 20 గజాల రోల్ ఒకటి ఒంటికే అయిపోతుంది. అంచులకి, బో టైకి ఇంకొకటి కావాలి. రంగులు, డిజైన్లున్న రోల్స్ చాలావాటిలో 10 గజాలే ఉంటాయి, లేబుల్ చూసి కొనండి. అన్నీ ఒకేసారి కొనాలి, తర్వాత కొన్న రోల్ రంగు కాస్త తేడాగా ఉండొచ్చు.

లోపలికి సాగని నూలు పాప్లిన్ వాడాలి. రెండు వైపులా టేపే వేస్తే బరువు, చెమట రెండూ పెరుగుతాయి. గుడ్డని ఉతికి, ఇస్త్రీ చేసి, ప్రక్కలకీ భుజాలకీ అర అంగుళం కుట్టు వదిలి కత్తిరించండి. ఇస్త్రీ ఇప్పుడే అయిపోవాలి, టేప్ పడ్డాక ఇస్త్రీపెట్టె దగ్గరికి రాకూడదు. వెల్క్రో కూడా ఇప్పుడే గుడ్డకి కుట్టేయాలి: ఎడమ ముక్కకి లోపలివైపు, కుడి ముక్కకి పైవైపు. వెల్క్రోని టేప్‌కి అతికిస్తే నాలుగుసార్లు తీసి పెట్టేసరికి ఊడి వస్తుంది. గుండీలు అలంకారానికి మాత్రమే, కాజాలు కోస్తే అక్కణ్ణుంచి చిరుగుతుంది.

ఇక టేప్ పరవడం. చాలామంది పని చెడేది ఇక్కడే. రోల్ నుంచి గట్టిగా లాగినప్పుడు టేప్ కొంచెం సాగుతుంది. అలాగే అతికిస్తే తర్వాత మెల్లగా వెనక్కి ముడుచుకుంటుంది, ముక్క అంతా అప్పడంలా చుట్టుకుపోతుంది. కావలసిన పొడవు కంటే 2 అంగుళాలు ఎక్కువ చింపి, పై కొసని బల్ల అంచుకి అంటించి ఒక నిమిషం వేలాడనివ్వండి. అప్పుడు రెండు చేతులతో పట్టుకుని, ముందు మధ్య భాగాన్ని గుడ్డకి ఆనించి, అక్కణ్ణుంచి పైకీ కిందికీ బొటనవేలితో రాస్తూ పోవాలి. ఒక కొస నుంచి మొదలుపెడితే గాలి బుడగలు మిగులుతాయి. బుడగ వస్తే సూదితో పొడిచి నొక్కండి, పీకి మళ్లీ వెయ్యొద్దు, దాంతోపాటు గుడ్డ పీచు లేస్తుంది.

పట్టీలు నిలువుగా వేయాలి. అడ్డంగా వేస్తే వంగినప్పుడల్లా పొట్ట దగ్గర ప్రతి అతుకూ విచ్చుకుంటుంది. ప్రక్క కుట్లు, భుజం కుట్లు ఉన్నచోట అంచు నుంచి 1 అంగుళం గుడ్డ ఖాళీగా వదలండి. తర్వాత మిషన్ మీద కుట్టేటప్పుడు సూది టేప్‌లోకి దిగదు, జిగురు పట్టి దారం తెగదు. పైగా టేప్‌లో వరసగా పడ్డ సూది రంధ్రాలు తపాలా బిళ్లల్లా చిరుగుతాయి. కుట్టాక బయట మిగిలే అంగుళం ఖాళీ మీద ఒక పట్టీ నిలువుగా వేస్తే కుట్టు మూసుకుపోతుంది. భుజాల మీద ఇంకో పొర వేయండి, బరువంతా వేలాడేది అక్కడే.

అంచులకి టేప్‌ని నిలువునా సగానికి కోసి, సగం పైకి, సగం లోపలికి మడవాలి. చంక, మెడ వంపుల్లో పొడుగు పట్టీ కూర్చోదు. 3, 4 సెంటీమీటర్ల ముక్కలుగా, చేప పొలుసుల్లా ఒకదానిమీదొకటి వేస్తే మడతలు రావు. ఓపిక పట్టాల్సిన పని ఇది, కానీ చూసేవాళ్ల కన్ను మొదట పడేది ఈ అంచుల మీదే.

కత్తెరకి పది కోతల్లోనే జిగురు పేరుకుంటుంది. కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, ఆ నూనెని పొడిగుడ్డతో పూర్తిగా తీసేయండి. చుక్క మిగిలినా తర్వాతి పట్టీ అక్కడ అంటదు.

బో టైకి గుడ్డ అక్కర్లేదు. రెండు పట్టీలు కలిపి రెండు వైపులా టేప్ ఉండేలా అతికించి, 25 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు ముక్క కోయండి. రెండు కొసల్నీ వెనక మధ్యలోకి మడిచి, 1 సెం.మీ. ఎక్కించి అతికించాలి. నడుమున కుచ్చిళ్లు పెట్టినట్టు నొక్కి, క్లిప్ పెట్టి ఉంచి, 2 సెం.మీ. పట్టీతో మూడు చుట్లు బిగించండి. మెడపట్టీకి టేప్‌ని నిలువునా మూడు మడతలు వేస్తే సరిపోయే సన్నదనం వస్తుంది. పొడవు కాలర్ కొలతకి 5 సెం.మీ. ఎక్కువ. దాని కొసలకి మాత్రం వెల్క్రోని స్టేపుల్ కొట్టి, పిన్నుల మీద టేప్ ముక్క వేయాలి, లేకపోతే మెడకి గుచ్చుకుంటాయి.

ఎక్కడైనా జిగురు బయటికి కనబడితే టాల్కం పౌడర్ అద్ది తుడవండి. మడిచిపెట్టొద్దు, వెడల్పు హ్యాంగర్‌కి తగిలించాలి. ఎండలో ఆగిన కారులో అసలు ఉంచకూడదు, వేడికి జిగురు మెత్తబడి అతుకుల్లోంచి బయటికొస్తుంది. వేసుకున్న రాత్రి గంటకోసారి వెల్క్రో విప్పి గాలి ఆడనిచ్చి, నీళ్లు తాగి మళ్లీ డాన్సుకి వెళ్లాలి.