ఒడిశా సరిహద్దు ఊళ్లకు కొత్తగా వచ్చారా? ముందు పిల్లల బడి సంగతి చూడండి

ఉద్యోగం బదిలీ అయ్యో, వ్యాపారం మీదో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు వచ్చే మన కుటుంబాలకు ఇల్లు కుదుర్చుకోవడం పెద్ద కష్టం కాదు. బజార్లో తెలుగు నడుస్తుంది. ఇబ్బందంతా పిల్లల బడి దగ్గరే. పిల్లవాడు సాయంత్రం వచ్చి మూతి ముడుచుకుని కూర్చుంటే, మనవాళ్లు వెంటనే ఒడియా ట్యూషన్ పెట్టిస్తారు. పెట్టించండి, మంచిదే. కానీ అంతకంటే ముందు బడిలో వాడికంటూ ఒక పని, కలిసి తిరిగే జట్టు కావాలి. భాష ఆ జట్టులోంచే వస్తుంది. ఇక్కడ కాపురముంటూ ఏటా కొత్త పిల్లల్ని చూస్తున్నాను కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఒడిశాలో చదువుల ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆ వెంటనే ఎండలు, సెలవులు. జూన్ నడుమ రజ పండగ, దాని వెనకే రథయాత్ర. బడి నిజంగా గాడిన పడేది ఆ తర్వాతే. వీలుంటే ఏప్రిల్‌లోనే చేర్పించండి, నాలుగు మొహాలైనా పరిచయమవుతాయి. రజ మూడు రోజులూ వీధిలో ఆడపిల్లలు ఉయ్యాలలు కట్టుకుని ఊగుతారు. మీ అమ్మాయి గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటే, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వాళ్లతో కలపండి. సెలవుల్లో ఉయ్యాల మీద కలిసినవాళ్లే రేపు క్లాసులో పక్కకి జరిగి చోటిస్తారు.

పిల్లలకు ముందే చెప్పి ఉంచాల్సినవి కొన్ని ఉన్నాయి. మొదటిది పేరు. ఒడియా నోట మన ‘వ’ చాలాచోట్ల ‘బ’ అవుతుంది. వాసు బాసు అవుతాడు, వరలక్ష్మి బరలక్ష్మి అవుతుంది. హాజరు పిలిచినప్పుడు అది తన పేరేనని తెలియక పిల్ల పలకదు. రెండోసారి పిలిచేసరికి క్లాసంతా వెనక్కి తిరిగి చూస్తుంది, ఆ పిల్లకి ఏడుపొక్కటే తక్కువ. ఇక్కడ అలాగే పలుకుతారు, వెక్కిరింత కాదు అని ఇంట్లో ఓసారి పిలిచి చూపించండి. దరఖాస్తులో ఇంటిపేరును పొడి అక్షరంగా వదిలేయకుండా పూర్తిగా రాయండి.

రెండోది మర్యాద. ఒడియాలో ఎదుటివాళ్లను పిలవడానికి తు, తుమె, ఆపణ అని మూడు మెట్లున్నాయి. పిల్లలు ఆటలో ముందుగా పట్టుకునేది ‘తు’. దాన్నే తీసుకెళ్లి టీచరమ్మ దగ్గర వాడితే పొగరనుకుంటారు. పెద్దవాళ్లతో ‘ఆపణ’ అనాలని ముందే నేర్పండి.

మూడోది ఉదయం ప్రార్థన. ‘బందే ఉత్కళ జననీ’ 2020 నుంచి ఒడిశా రాష్ట్ర గీతం. చుట్టూ అందరూ గొంతెత్తి పాడుతుంటే రోజూ పెదవులు బిగించి నిలబడటం పిల్లలకు చాలా కష్టం. ఇంట్లో పెట్టి వినిపించండి. అర్థం తర్వాత తెలుస్తుంది, ముందు గొంతు కలపనివ్వండి.

ఇక అసలు సంగతి, వినాయక చవితి. మనకు అది ఇంటి పండగ, వీధి పందిరి పండగ. ఇక్కడ దానికి తోడు బడి పండగ కూడా. చాలా బళ్లలో చందాల నుంచి నిమజ్జనం దాకా పెద్ద తరగతుల పిల్లలే భుజాన వేసుకుంటారు. పూలు ఎవరు తేవాలి, రంగు కాగితాలు ఎవరు కత్తిరించాలి అని వారం ముందునుంచే హడావిడి. పూజయ్యాక పిల్లలూ టీచర్లూ కలిసే ప్రసాదం తింటారు. జూన్‌లో చేరిన పిల్లకు ఇంతకు మించిన అవకాశం రాదు. ఆ రోజు బడి మానిపించి సొంతూరికి తీసుకెళ్లకండి. ఇంట్లో పూజ పొద్దున్నే ముగించి బడికి పంపండి.

మన ఆడపిల్లల చేతిలో ముగ్గు ఉంది కదా. ఒడియా వాళ్లది ఝోటి. బియ్యప్పిండిని నీళ్లలో జారుగా కలిపి, అందులో వేళ్లు ముంచి, నేల మీద వరి కంకులు, పద్మాలు, లక్ష్మి పాదాలు దించుతారు. మనమ్మాయి పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు పెట్టి మెలికల ముగ్గు వేస్తే చుట్టూ మూగి చూస్తారు. ఒకరు పిండి అందిస్తారు, ఇంకొకరు తమ ఝోటి నేర్పుతారు. ఆ పూట నేర్చుకున్న ఒడియా మాటలు ఇక మరిచిపోదు. మగపిల్లాడైతే కబడ్డీ ఉండనే ఉంది, దానికి ఎవరూ అనువాదం చెప్పక్కర్లేదు.

సర్కారు బడిలో మధ్యాహ్నం అన్నం, డాల్మా (కూరగాయలు వేసి వండిన పప్పు) పెడతారు, వారంలో గుడ్డు కూర కూడా ఉంటుంది. పిల్లలను ఆ పంక్తిలోనే కూర్చోనివ్వండి, విడిగా క్యారేజీ కట్టకండి.

మీ పిల్ల ఒక్కతే పరాయి భాషలో చదువుతోందని కూడా అనుకోకండి. గజపతి జిల్లాలో సవర పిల్లలు, రాయగడలో కువి మాట్లాడే కొంధు పిల్లలు కూడా ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషతోనే పెరుగుతున్నారు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర పిల్లల కోసం వాళ్ల భాష నేర్చుకుని, ఆ భాషలోనే పుస్తకాలు రాశారు. అలాంటి గడ్డ మీద మన పిల్ల పక్క బెంచీలో సవర పిల్ల ఉంటే, ఆ పిల్లతోనే ముందు స్నేహం కుదరొచ్చు. కుదరనివ్వండి.

తెలుగు పిల్లలంతా ఒకే బెంచీ మీద చేరితే మొదట ధైర్యంగానే ఉంటుంది. దసరా దాకా అలాగే సాగితే మాత్రం మిగతా క్లాసంతా వాళ్లను వేరు జట్టుగా లెక్కేస్తుంది. మొదటి వారంలోనే క్లాస్ టీచర్‌ను కలిసి, ఒడియా మాట్లాడే పిల్లల మధ్య కూర్చోబెట్టమని, బోర్డు తుడవడమో పుస్తకాలు పంచడమో ఏదో ఒక పని అప్పగించమని అడగండి. మీకు ఒడియా రాకపోయినా ఫర్వాలేదు, తెలుగు తెలిసిన టీచర్లు ఈ ఊళ్లలో తరచూ దొరుకుతారు. ఎవరైనా ‘తెలెంగా’ అని ఏడిపిస్తున్నారని పిల్ల చెబితే, ఆ అబ్బాయి ఇంటి మీదకి వెళ్లొద్దు. టీచర్‌తో చెప్పండి, వచ్చే ఆదివారం ఆ అబ్బాయినీ ఇంటికి ఆటకు పిలవండి.