చిన్న వేటకు తగ్గింపు తూటాలు – అయిదో పాఠం: కింది హద్దు, వేరే గురి

తగ్గింపు తూటా అంటే చిన్న జంతువు మాంసం చెడిపోకుండా, మామూలు కంటే తక్కువ తుపాకి మందు పోసి, నెమ్మదిగా వెళ్లేలా మనమే నింపుకునే రైఫిల్ తూటా. ఈ పాఠాన్ని గురి కుదర్చడంతోనే మొదలుపెట్టాలనుకున్నాను. నాలుగో పాఠం చదివి తూటాలు నింపుకున్నవారు రాసిన ఉత్తరాలు చూశాక ఆ పనిని కొంత వెనక్కి జరపక తప్పలేదు. చాలామందికి తూటాలు సవ్యంగానే పేలాయి గానీ, 50 గజాల దూరంలో గుండ్లు గురిపెట్టిన చోటికి రెండంగుళాల కింద, కొంత పక్కగా పడ్డాయి. అది చిన్న చిక్కే, దాని సంగతి తరువాత చెబుతాను. మరికొందరు మాత్రం మందు తయారుచేసిన సంస్థ పట్టికలో ఉన్న కనిష్ఠ మందు పరిమాణానికి కూడా కొంత కోత పెట్టారు. మందు తగ్గేకొద్దీ ప్రమాదం తగ్గుతుందనీ, ఉడుత మాంసం ఇంకాస్త దక్కుతుందనీ వారి లెక్క. ఆ లెక్క తప్పు. ఈ పాఠంలో సగం దానికే పోతుంది.

అంతకు ముందు మొదటి పాఠంలోని హెచ్చరికను మళ్లీ గుర్తు చేస్తున్నాను. ఈ పాఠాలు అమెరికాలో ఉంటూ, వేట లైసెన్సు తీసుకుని, తమ రాష్ట్రపు నిబంధనలు చదువుకున్నవారి కోసమే. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుందేలు వేట కూడా నేరమే. అమెరికాలో సైతం చిన్న జంతువుల మీద ఏ రకం రైఫిల్ వాడవచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆ ఏడాది నిబంధనల పుస్తకం చూడకుండా అడవిలోకి వెళ్లకండి.

ఇక అసలు విషయం. రైఫిల్ మందు మండే వేగం కేసులోని (మందు పోసే ఇత్తడి తొడుగులోని) ఒత్తిడిని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. పొయ్యిలో నాలుగు కట్టెలు ఒకదాని సెగ ఒకటి అందుకుంటేనే మంట నిలుస్తుంది, ఒంటి కట్టె పొగ చిమ్మి ఆరిపోతుంది. మందు తీరు కూడా అంతే. .308 వించెస్టర్ అనే రైఫిల్ తూటా లాంటి పెద్ద కేసులో నిదానంగా మండే మందు కొద్దిగా పోస్తే, అది కేసు అడుగున పలచగా పరుచుకుంటుంది, ప్రైమర్ (కేసు అడుగున ఉండి మందుకు నిప్పంటించే చిన్న బిళ్ల) నిప్పు దాని పైనుంచి దూసుకుపోతుంది. అప్పుడు మందు సగం మండి, గుండు గొట్టం మధ్యలోనే ఆగిపోవచ్చు. ట్రిగ్గర్ నొక్కిన కాసేపటికి, మీరు బోల్టు (గొట్టాన్ని వెనుకనుంచి మూసే కదిలే భాగం) తెరవబోతున్న సమయంలో తూటా పేలవచ్చు. అరుదుగా ఒత్తిడి ఊహకందనంత పెరిగి రైఫిల్ బద్దలు కావచ్చు కూడా. ఈ చివరిది ఎందుకు జరుగుతుందన్న విషయంలో నిపుణుల మధ్య ఏకాభిప్రాయం లేదు. అంటే ఎక్కడ జరుగుతుందో ముందుగా లెక్కకట్టే దారి మనకు లేదు. గరిష్ఠ హద్దును దాటనివాళ్లు కూడా కింది హద్దును చులకనగా చూడడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తగ్గింపు తూటాకు రెండు వైపులా గోడలున్నాయి, రెంటినీ కట్టింది మందు తయారుచేసిన సంస్థే. దేన్నీ మనం జరపకూడదు.

ఉదాహరణకు హాడ్గ్‌డన్ సంస్థ తన హెచ్ 4895 మందు విషయంలో, పట్టికలోని గరిష్ఠ పరిమాణంలో 60 శాతం మిగిలేదాకా మాత్రమే తగ్గించవచ్చని స్వయంగా చెప్పింది. ఒక పాఠకుడు దీన్ని చదివి, తన దగ్గరున్న వేరే మందుకు అదే శాతం వర్తింపజేశారు. మరొకరు డబ్బా మీద 4895 అన్న అంకె కనబడగానే అదే మందనుకున్నారు. ఐఎంఆర్ 4895 వేరు, హెచ్ 4895 వేరు. అరవై శాతం మాట ఆ ఒక్క మందుకే చెల్లుతుంది. అరవై చెల్లింది గనుక యాభై అయిదు కూడా చెల్లుతుందని ఎవరూ అనలేదు. ట్రయిల్ బాస్ అనే మందు దొరికినవారికి ఒక సౌకర్యం ఉంది. అది ఉబ్బుగా ఉండి కేసును బాగా నింపుతుంది కాబట్టి పొరపాటున రెండుసార్లు పోస్తే ఒలికి బయటపడుతుంది. కానీ దాన్ని గుండుతో అదిమి నింపకూడదు. పిస్తోలు మందుల్లాగా వేగంగా మండేవాటితో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఇబ్బంది ఉంది. కేసులో అయిదో వంతు కూడా నిండవు, రెండోసారి పోసినా ఒలికి బయటపడదు. అందుకే నేను యాభై కేసుల పలకను బల్ల దీపం కిందికి వంచి, మందు మట్టాలను వరుసగా చూసిన తరువాతే గుండు పెడతాను. తూకం మీద ఎంత నమ్మకమున్నా ఈ చూపు మానను.

కేసులో మిగిలిన ఖాళీని దూదితోనో, పాలియెస్టర్ పీచుతోనో నింపమని పాతకాపులు కొందరు సలహా ఇస్తారు. అలా చేసిన రైఫిళ్ల గొట్టం మొదట్లో ఉంగరంలా ఉబ్బు వచ్చిన సందర్భాలున్నాయి. ఈ పాఠాల్లో ఆ పద్ధతి ఉండదు.

గుండు గొట్టంలో ఆగినప్పుడు తెలిసే తీరును బాగా గుర్తుంచుకోండి. మామూలు మోత బదులు నీరసంగా ‘ఫట్’ మంటుంది, భుజానికి తన్ను తగలదు, కాగితం మీద కొత్త రంధ్రం కనబడదు. వెంటనే ఆగండి. గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం కదలకుండా ఉండి, ఆ తరువాతే బోల్టు తెరవండి. కేసును బయటికి తీసి, బోల్టును ఊడదీసి, వెనుకనుంచి గొట్టంలోకి చూడండి. వెలుతురు గుండ్రంగా కనబడకపోతే ఆ రోజుకు పని ముగిసినట్లే. నా సంచిలో ఎప్పుడూ శుభ్రం చేసే కడ్డీ ఒకటి ఉంటుంది. ఖాళీ గొట్టంలో అది ఎంత లోతు దిగుతుందో అక్కడ ఎర్ర టేపు చుట్టి ఉంచాను. అనుమానం వచ్చినప్పుడు రైఫిల్ ఖాళీ అని నిర్ధారించుకుని, బోల్టు తెరిచి ఉంచి, చేతిని గొట్టం మూతికి పక్కగా పెట్టి కడ్డీని జారవిడుస్తాను. టేపు మూతి దగ్గరికి రాకుండా పైనే నిలిచిపోతే లోపల ఏదో ఉన్నట్లే. రాగి తొడుగున్న గుండు రాపిడి ఎక్కువ గనుక తక్కువ వేగాల్లో త్వరగా ఇరుక్కుంటుంది. ఈ పనికి సీసపు గుండునే నేను ఇష్టపడేది అందుకే.

ఇప్పుడు గురి సంగతి. 150 గ్రెయిన్ల (దాదాపు పది గ్రాముల) బరువున్న గుండును సెకనుకు 2,800 అడుగుల వేగంతో పంపే జింక తూటాకు 100 గజాల దగ్గర గురి కుదిరి ఉందనుకుందాం. స్కోపు (గురి చూసే దుర్భిణి) రైఫిల్ గొట్టానికి ఒకటిన్నర అంగుళాల ఎత్తులో ఉంది. అదే అమరికతో 1,400 అడుగుల వేగమున్న సీసపు గుండును పేలిస్తే లెక్క ప్రకారం అది 50 గజాల దగ్గర సుమారు 2 అంగుళాలు, 100 గజాల దగ్గర సుమారు 8 అంగుళాలు కింద పడుతుంది. నెమ్మది గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉంటుంది, రైఫిల్ అదిరే తీరు కూడా మారుతుంది. అందువల్ల అది పక్కకు కూడా జరుగుతుంది, ఎంత జరుగుతుందన్నది మీ రైఫిలే చెప్పాలి. పాఠకులు చూసిన తేడా ఇదే, వారి తూటాల్లో దోషమేమీ లేదు. ఒక్కో గుండుకూ ఒక్కోసారి స్కోపు తిప్పుతూ పోవడమే వారి పొరపాటు. అయిదు గుండ్లు ఒకే గురితో కాల్చి, ఆ గుంపు మధ్య బిందువును చూసి, ఒక్కసారే తిప్పండి. పావు నిమిషపు స్కోపులో (ఇక్కడ నిమిషం అంటే కాలం కాదు, డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) గురి తిప్పే మీటలోని ఒక్కో క్లిక్కు 100 గజాల దగ్గర పావు అంగుళం, 50 గజాల దగ్గర అందులో సగం. కాబట్టి 50 గజాల దగ్గర 2 అంగుళాలు పైకి లేపాలంటే 16 క్లిక్కులు కావాలి.

ఇలా 50 గజాలకు కుదిరిన గుండు 25 గజాల దగ్గర దాదాపు గురి మీదే ఉంటుంది, 75 గజాల దగ్గర సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళాల కిందికి దిగుతుంది. అందరూ మరిచేది దగ్గరి దూరం. అయిదు గజాల్లో కొమ్మ మీద కూర్చున్న ఉడుత తలకు గురిపెడితే గుండు అంగుళానికి పైగా కింద తగులుతుంది, ఎందుకంటే అది ఇంకా స్కోపు చూపు రేఖను అందుకోలేదు. కొమ్మ మీది ఉడుతకు గురిపెట్టేటప్పుడు వెనుక చెట్టు బోదె ఉండాలని, ఖాళీ ఆకాశం ఉండకూడదని వేరే చెప్పక్కర్లేదు.

నేనైతే జింక తూటా గురినే స్థిరంగా ఉంచి, తగ్గింపు తూటాకు ఎన్ని క్లిక్కులు పైకి, ఎన్ని పక్కకు అన్నది స్కోపు మూత లోపల చీటీ మీద రాసి అంటిస్తాను. తగ్గింపు తూటాల ప్రైమర్ల మీద ఆకుపచ్చ గోళ్ల రంగు చుక్క పెడతాను, రెండు రకాలనూ ఒకే పెట్టెలో ఉంచను.

అభ్యాసం కాస్త కష్టమైనదే. పది తూటాలు నింపి, వేగం కొలిచే యంత్రం ముందు కాల్చండి. ప్రతిసారీ పేల్చే ముందు, అయిదింటికి గొట్టాన్ని కొద్దిగా కిందికి వంచి మెల్లగా సమం చేయండి, మిగతా అయిదింటికి కొద్దిగా పైకెత్తి సమం చేయండి. గొట్టం మాత్రం ఎప్పుడూ లక్ష్యపు గట్టు వైపే ఉండాలి, మైదానపు నియమాలు పైకెత్తడానికి ఒప్పుకోకపోతే ఆ సగం వదిలేయండి. మందు కేసులో ముందుకు జరిగి ఉన్నప్పటి వేగానికీ, వెనక్కి జరిగి ఉన్నప్పటి వేగానికీ తేడా ఎంతో రాసుకోండి. ఆ తరువాత అయిదు వేర్వేరు రోజుల్లో, చల్లని గొట్టంతో, రోజుకు ఒకే ఒక్క గుండును 50 గజాల నుంచి అదే కాగితం మీద కాల్చండి. వేటలో మీకు దక్కేది ఆ మొదటి గుండే. ఆ అయిదూ ఒకటిన్నర అంగుళాల వలయం దాటి పడితే ఆరో పాఠానికి రాకముందు నాలుగో పాఠానికి వెళ్లి, మరో మందు, మరో గుండు ఎంచుకోండి.